కుక్కపిల్లకు ఒక్క సూది చాలదు
- పదహారు వారాలు నిండాక వేసే డోసే కీలకం
- రేబిస్ టీకాకు లెక్క వేరు

నలభై రోజుల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోవడం, మర్నాడే పశువుల ఆసుపత్రిలో ఒక సూది వేయించడం, దాంతో టీకాల పని ముగిసిందనుకోవడం... పట్టణాల్లో ఇది పరిపాటిగా మారింది. మరో నెలకు అదే పిల్ల వాంతులు, నెత్తుటి విరేచనాలతో ఆసుపత్రి బల్లపైకి చేరితే టీకా వేయించినా ఇలా ఎందుకైందని యజమానులు వాపోతుంటారు. చాలా సందర్భాల్లో లోపం మందులో ఉండదు, వేసిన వయసులో ఉంటుంది.

ముర్రుపాలే అడ్డు

పుట్టిన తొలి రోజున తాగే ముర్రుపాల ద్వారా తల్లిలోని ప్రతిరక్షకాలు పిల్లకు అందుతాయి. కొన్ని వారాలపాటు వ్యాధుల నుంచి కాపాడేవి ఇవే. అయితే ఇవి బలంగా ఉన్నంత కాలం టీకా మందును సైతం శత్రువుగానే ఎంచి నిర్వీర్యం చేస్తాయి. పిల్ల శరీరం సొంతంగా రక్షణ శక్తిని తయారు చేసుకునే అవకాశం దొరకదు.

ఈ ప్రతిరక్షకాలు ఎప్పుడు తరిగిపోతాయన్నది ఒక్కో పిల్లలో ఒక్కో తీరు. కొన్నింటిలో ఎనిమిది వారాలకే తగ్గిపోతాయి. మరికొన్నింటిలో పన్నెండు వారాలు దాటినా నిలుస్తాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనూ తేడా ఉంటుంది. చూసి చెప్పడం సాధ్యం కాదు కనుకనే మూడు నాలుగు వారాలకోసారి డోసులు వేస్తారు. ఒకటి ఫలించకపోయినా తర్వాతిది ఫలిస్తుందన్నదే ఇందులోని ఆలోచన. పదహారు వారాలు నిండిన తర్వాత వేసే డోసు నాటికి దాదాపు అన్ని పిల్లల్లోనూ తల్లి రక్షణ తొలగిపోతుంది. అందుకే మిగతావాటికన్నా దీనికే ప్రాధాన్యం ఎక్కువ. వేలు పోసి జాతి కుక్కను కొన్నవారు సరిగ్గా ఈ డోసు వద్దే ఖర్చుకు వెనకాడటం విచిత్రం.

ఎప్పుడెప్పుడు?

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి డోసు, ఆపై పదహారు వారాలు నిండే వరకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి మిగిలినవి వేయించాలి. డిస్టెంపర్, పార్వో, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ వ్యాధులకు ఇవి తప్పనిసరి. ఆరు నెలలు దాటాక మరొకటి వేయించడం మేలని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2024 మార్గదర్శకాల్లో సూచించింది. తొలి డోసుకు ముందే నట్టల మందు తాగించడం మంచిది. జ్వరంతో, నీరసంతో ఉన్న పిల్లకు కోలుకునే దాకా టీకా వాయిదా వేయాలి.

ఎనిమిది వారాల లోపు పిల్లలను అమ్మరాదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో అంతకు ముందే చేతులు మారే పిల్లలు ఎన్నో. తెచ్చిన పిల్ల వయసు కచ్చితంగా తెలియకపోతే పళ్లు చూసి పశువైద్యులు అంచనా వేయగలరు. డోసులను ఆ వయసు ప్రకారమే లెక్కించాలి తప్ప ఇంటికి తెచ్చిన రోజు నుంచి కాదు.

పార్వోతో మరో చిక్కుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌తో చావదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. ఈ వ్యాధితో ఒక పిల్ల చనిపోయిన ఇంటికి డోసులు పూర్తికాని మరో పిల్లను వెంటనే తేవడం ప్రమాదకరం.

అన్నీ ఏటా అక్కర్లేదు

సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ పేర్లు విని, అంకె పెద్దదైతే మందు గొప్పదని భ్రమపడేవారు ఎక్కువ. పెరిగిన అంకెలో చాలా భాగం లెప్టోస్పైరాలోని రకాలదే. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వ్యాపించే ఈ వ్యాధి మనుషులకూ సోకుతుంది. వర్షాకాలంలో వరిచేలు, మురుగు కాల్వల పక్కన తిరిగే గోదావరి, కృష్ణా డెల్టా కుక్కలకు ఈ టీకా అదనపు హంగు కాదు, అవసరం. తొలిసారి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి వేయించాలి.

డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్‌ల సంగతి వేరు. చిన్ననాటి డోసులు సక్రమంగా పూర్తయిన కుక్కకు మూడేళ్లకోసారి చాలని పై సంఘం చెబుతోంది. లెప్టో టీకా విడిగా దొరికే చోట ఈ విషయం పశువైద్యుడితో చర్చించవచ్చు.

రేబిస్‌తో రాజీ లేదు

మూడు నెలలు నిండాక మొదటి రేబిస్ టీకా, ఏడాదికి బూస్టర్, ఆపై ఏటా ఒకటి ఇక్కడ అనుసరిస్తున్న పద్ధతి. నాటు కుక్కకు అక్కర్లేదన్న మాటలో పస లేదు, పెరట్లో కట్టేసిన కుక్క దగ్గరికీ వీధి కుక్క రాగలదు. మనుషులకు సోకే రేబిస్‌లో నూటికి 99 వరకు కుక్కల ద్వారానే సంక్రమిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లక్షణాలు బయటపడితే బతకడం దాదాపు అసాధ్యం. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి ఈ టీకా ఇచ్చారు. ఆ రోజును జూనోసిస్ దినంగా పాటిస్తూ పశువుల ఆసుపత్రుల్లో ఏటా ఉచితంగా కుక్కలకు టీకాలు వేస్తుంటారు.

టీకా వేసిన తేదీ, సీసాపై ఉండే స్టిక్కర్ కార్డులో పడ్డాయో లేదో అక్కడే చూసుకోవాలి. మందుల దుకాణంలో కొని జేబులో వేసుకెళ్లే టీకా పనిచేస్తుందన్న నమ్మకం లేదు, అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. సూది వేశాక అరగంట ఆసుపత్రి వద్దే ఆగితే మంచిది. ఒకరోజు మందకొడిగా ఉండటం సహజం, ముఖం ఉబ్బినా వాంతులైనా వెంటనే వైద్యుడికి చూపాలి.

టీకాలన్నీ వేయించిన సొంత కుక్క కరిచినా నిర్లక్ష్యం తగదు. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కను పది రోజులు గమనిస్తూ ఉండాలి.