కారులో పాట ఎందుకు ఆగింది?

పిల్లలూ! కారులో దూర ప్రయాణం చేస్తుంటే పాటలు లేకుండా ఉంటుందా? హాయిగా పాడుతున్న స్పీకరు ఉన్నట్టుండి మూగబోతే ఏం చేస్తాం? అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాం! కాని దెబ్బలకు లొంగే జబ్బు కాదది. డాక్టరులాగా లక్షణాలను బట్టి జబ్బును పట్టుకోవాలి.

ఒకసారి మా బడి పిల్లలను అద్దె వ్యానులో విహారయాత్రకు తీసుకువెళ్లాను. దారిలో పాట ఆగింది. చూస్తే ఆంప్లిఫయరుకు విద్యుత్తు తెచ్చే తీగలోని ఫ్యూజు మాడిపోయి ఉంది. కొత్తది వేస్తే కాసేపటికి అదీ పోయింది. అప్పుడు క్లీనరు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితాన్ని ఫ్యూజుకు చుట్టాడు. పాట వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పది నిమిషాలు గడవకముందే కాలిన వాసన! బండి ఆపి, అందరినీ దింపి, బ్యాటరీ తీగ ఊడదీయించాం. సీటు కింద తీగ తొడుగు కరిగిపోయి ఉంది. సీటు ఇనుప కాలికి ఒరుసుకుని తొడుగు ముందే అరిగింది. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా లోపలి రాగి ఇనుముకు తగులుతోంది. ఫ్యూజు మమ్మల్ని హెచ్చరిస్తుంటే మేము దాని నోరు నొక్కాం!

ఆంప్లిఫయర్ అంటే వర్ధకం. బలహీనమైన పాట సంకేతాన్ని బ్యాటరీ శక్తితో బలపరచి స్పీకరుకు అందిస్తుంది. దీనికి ముఖ్యమైన తీగలు మూడు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి ఫ్యూజు ద్వారా వచ్చేది ఒకటి. బండి ఇనుముకు బిగించే ఎర్తు తీగ రెండోది. రేడియో వేయగానే ‘నువ్వూ లే’ అని కబురు తెచ్చే సన్నని తీగ మూడోది.

కారు బ్యాటరీ 12 వోల్టులది. 120 వాట్లు తీసుకునే ఆంప్లిఫయరుకు 120 ÷ 12 = 10 ఆంపియర్ల ప్రవాహం కావాలి. మన ఇంట్లో 75 వాట్ల ఫ్యాను 230 వోల్టుల దగ్గర తీసుకునేది ఆంపియరులో సుమారు మూడో వంతే! ఇప్పుడు ఎర్తు తీగ బిగించినచోట తుప్పు పట్టి 0.2 ఓమ్‌ల నిరోధం వచ్చిందనుకోండి. 10 × 0.2 = 2 వోల్టులు అక్కడే పోతాయి. 20 వాట్ల వేడి పుడుతుంది. పాట నీరసపడుతుంది. ఈ లెక్క నేర్పిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులుగా పనిచేసినవాడే. తన సూత్రాన్ని 1827లో పుస్తకంగా ప్రకటించాడు.

ఇక లక్షణాలు చూద్దాం.

దీపమే వెలగకపోతే పై మూడు తీగలనూ వరసగా పరీక్షించాలి.

దీపం వెలిగినా ఒక స్పీకరు పలకకపోతే, ఆంప్లిఫయరు ఆపి, కుడి ఎడమ స్పీకర్ల తీగలు మార్చి చూడాలి. మార్చినా అదే స్పీకరు మూగగా ఉంటే తప్పు స్పీకరుది, లేదా దాని తీగది. ఇప్పుడు రెండోది మూగబోతే తప్పు ఆంప్లిఫయరు వైపుది.

ఇంజను వేగంతోపాటు హెచ్చే ‘కుయ్’మనే మోత వస్తే, అది బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు నుంచి చొరబడినది. ఎర్తు తీగను శుభ్రంగా గీకిన ఇనుముకు బిగించాలి. పాట సంకేతం తెచ్చే తీగను విద్యుత్తు తీగకు దూరంగా లాగాలి.

కాసేపు పాడి, ఆగి, చల్లారాక మళ్లీ పాడితే అది వేడి జబ్బు. గాలి తగిలేలా అమర్చాలి. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే నిరోధం 2 ఓమ్‌లే అవుతుంది, ప్రవాహం రెట్టింపవుతుంది. ఆంప్లిఫయరు దానికి తగినదో కాదో చూడాలి.

ఏ పరీక్షలోనైనా ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు. ఫ్యూజు ఎందుకు పోయిందో కనుక్కున్నాకే కొత్తది వేయాలి. అదీ అన్నే ఆంపియర్లది!

కారు బ్యాటరీ జోలికి పెద్దలు లేకుండా వెళ్లకండి. ఇంట్లో పాత స్పీకరు ఉంటే దాని తీగలకు 1.5 వోల్టుల టార్చి సెల్లును ఒక్క క్షణం తాకించండి. ‘టప్’మని పలికితే దాని తీగచుట్ట బాగున్నట్టే. ఆ క్షణంలో స్పీకరు కాగితం ముందుకు కదిలిందా, వెనక్కా? సెల్లును తిరగేస్తే ఏమవుతుంది? చేసి చూసి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.