బకెట్టులో క్యారెట్టు



క్యారెట్టు మనందరికీ తెలుసు. కొన్ని ఊళ్ళలో గాజరగడ్డ అంటారు. సంతలో చూస్తాం. ధర అడుగుతాం. వంకాయలు కొనుక్కుని ఇంటికొస్తాం. "అది ఊటీలో పండేది, మన దగ్గరెక్కడ పండుతుంది?" అనుకుంటాం. తమిళనాడులో నీలగిరి కొండల మీద క్యారెట్టు బాగా పండే మాట నిజమే. అక్కడ చల్లగా ఉంటుంది. మనకూ చలికాలం ఉంది కదా! ఆ మూడు నెలలు చాలు. పొలం అక్కర్లేదు. పెరడు కూడా అక్కర్లేదు. చిల్లు పడిన బకెట్టు ఒకటి ఉంటే మొదలు పెట్టవచ్చు.

ముందు ఒక సంగతి తెలుసుకుందాం. క్యారెట్టు కాయ కాదు, వేరు. నేలలోకి నిటారుగా దిగే తల్లివేరే లావెక్కి క్యారెట్టు అవుతుంది. ఈ మాట గుర్తుంటే మిగతా పనంతా అర్థమవుతుంది. వేరుకు దారి కావాలి. దారిలో రాయి తగిలితే వంకర పోతుంది. మట్టి గట్టిగా ఉంటే పొట్టిగా ఉండిపోతుంది. నారు పోసి, పీకి నాటితే వేరు కొన తెగుతుంది. అప్పుడు రెండు కాళ్ళు, మూడు కాళ్ళు వేస్తుంది. అందుకే వంగకు, మిరపకు పోసినట్టు దీనికి నారు పొయ్యకూడదు. విత్తిన చోటే పెరగాలి.

పాత్ర జానెడున్నర లోతు ఉండాలి. అంటే సుమారు ఒక అడుగు. పాత బకెట్టు, పగిలిన ప్లాస్టిక్ బిందె, వంటనూనె డబ్బా ఏదైనా సరే. సిమెంటు సంచి అయితే బాగా దులిపి, కడిగి వాడండి. అడుగున ఐదారు చిల్లులు పెట్టండి. రెండు ఇటుకల మీద నిలబెట్టండి. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది.

ఒక్క డబ్బా మాత్రం వద్దు. పురుగుమందు డబ్బా! పత్తి, మిరప వేసే ఊళ్ళలో ఇవి గట్ల మీద దొర్లుతుంటాయి. గట్టిగా ఉన్నాయని ఇంటికి తెచ్చుకుంటారు. ఎన్నిసార్లు కడిగినా మందు పూర్తిగా పోదు. క్యారెట్టు మట్టిలోనే పెరుగుతుంది. ఆ విషం మన పిల్లల నోట్లోకి పోవచ్చు. డబ్బా మీద గుర్తు చూడండి. ఒక మూల మీద నిలబడిన చదరం ఉంటుంది. దాని కింది సగానికి ఎరుపు, పసుపు, నీలం, పచ్చ రంగుల్లో ఒకటి వేసి ఉంటుంది. పచ్చ ఉంది కదా, పరవాలేదులే అనుకోవద్దు. అదీ పురుగుమందే.

ఇక మట్టి. రెండు తట్టల మట్టికి ఒక తట్ట వాగు ఇసుక, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. మట్టిని జల్లెడ పట్టి రాళ్ళు, గడ్డలు తీసెయ్యండి. నల్లరేగడి అయితే ఇసుక ఇంకొంచెం వెయ్యాలి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. పచ్చి పేడ అసలు వద్దు. దాని వల్ల వేరు చీలుతుంది. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, కింద చూస్తే ఏమీ ఉండదు.

విత్తనం విడిగా కొనకండి. ప్యాకెట్టు కొనండి. కొనే ముందు ప్యాకెట్టు తిప్పి చూడండి. ఎప్పటిదాకా పనికొస్తుందో తేదీ ఉంటుంది. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా అంకెలు మనం చదవగలం. తేదీ దాటితే వెనక్కి ఇచ్చెయ్యండి. కొట్టువాడు ఏమన్నా సరే! క్యారెట్టు విత్తనం తొందరగా సత్తువ పోగొట్టుకుంటుంది. నాంటీస్ రకం నారింజ రంగులో ఉంటుంది. పూసా కేసర్ ఎర్రగా ఉంటుంది, ఎండను కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. గింజలకు రంగు పూసి ఉంటే మందు పట్టించారని అర్థం. చల్లాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

దసరా దాటాక విత్తండి. కార్తీకం దాకా విత్తుకోవచ్చు. గింజ చాలా చిన్నది. గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే పలచగా పడుతుంది. పైన పావు అంగుళం మట్టి చాలు. చేత్తో నీళ్ళు చిలకరించి, తడి గోనెపట్టా కప్పండి. వారం దాటినా ఏమీ కనపడదు. చాలామంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. రెండు వారాలు పట్టవచ్చు. అప్పటిదాకా పైమట్టి ఆరకూడదు. ఏడో రోజు నుంచి పట్టా ఎత్తి చూడండి. మొలక కనపడగానే పట్టా తీసెయ్యండి. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. కోళ్ళున్న ఇంట్లో చుట్టూ ముళ్ళకంప పెట్టాలి. లేకపోతే ఒక్క పూటలో కెలికి పోస్తాయి.

మొక్క బెత్తెడు ఎత్తు వచ్చాక ఒక కష్టమైన పని ఉంది. మొక్కకూ మొక్కకూ మధ్య రెండు, మూడు అంగుళాలు ఎడం ఉంచి మిగతావి తీసెయ్యాలి. బతికున్న మొక్కను తియ్యడానికి మనకు చేతులు రావు. తియ్యకపోతే అన్నీ దారాల్లా ఉండిపోతాయి. పీకితే పక్క మొక్క కదులుతుంది. కత్తెరతో మొదట్లో కత్తిరించండి. ఆ లేత ఆకు పప్పులో వేసుకోవచ్చు.

వేలు గుచ్చి చూసి, తడి లేకపోతేనే నీళ్ళు పొయ్యండి. నాలుగు రోజులు ఎండబెట్టి ఒకేసారి పోస్తే వేరు పగులుతుంది. వేరు తల బయటికి కనపడితే మట్టి ఎగదొయ్యండి. ఎండ తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది.

సుమారు మూడు నెలలకు, సంక్రాంతి దాటాక, చేతికొస్తుంది. మొదలు దగ్గర వేలితో తడిమి చూడండి. బొటనవేలంత లావుంటే మట్టి తడిపి పీకండి. ఇంకా ఉంచితే పీచు పడుతుంది. ఒక బకెట్టుకు పది, పదిహేను వస్తాయి. అంటే కిలో కూడా రాకపోవచ్చు. ఉన్నమాట ముందే చెబుతున్నాను. అందుకే మూడు, నాలుగు బకెట్లు పెట్టుకోండి. పదిహేను రోజులకు ఒకటి చొప్పున విత్తండి.

మా కేంద్రంలో ఒక అక్క అడిగింది: "నా మనవరాలికి సందేళ కళ్ళు ఆనవు. గుమ్మం తగిలి పడుతుంది. క్యారెట్టు పెడితే పోతుందా?"

అది రేచీకటి కావచ్చు. విటమిన్ ఏ తక్కువైతే వస్తుంది. తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ కనపడినా అంతే. అలాంటప్పుడు క్యారెట్టు పండేదాకా ఆగకూడదు. ఆ రోజే ఏ.ఎన్.ఎం. అక్క దగ్గరికో, ఆసుపత్రికో తీసుకెళ్ళాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు. జబ్బు లేని పిల్లలకు కూడా విటమిన్ ఏ మందు ఇస్తారు. మొదటిది తొమ్మిదో నెలలో, తట్టు టీకాతో పాటు. రెండోది ఏడాదిన్నరకు. తర్వాత ఐదేళ్ళు నిండేదాకా ఆరు నెలలకొకసారి. మొత్తం 9 మోతాదులు. టీకా కార్డు తీసి ఎన్ని పడ్డాయో మీరే చదివి చూసుకోండి.

రేచీకటి రాకుండా ఉండాలంటే తిండి ముఖ్యం. క్యారెట్టు, మునగాకు, తోటకూర, బొప్పాయి పండు, మామిడిపండు అన్నీ మంచివే. క్యారెట్టును కొంచెం నూనెతో వండితే ఒంటికి బాగా పడుతుంది. చంటిపిల్లలకు మెత్తగా ఉడికించి మెదిపి పెట్టండి. పచ్చి ముక్క ఇస్తే గొంతుకు అడ్డం పడుతుంది.

క్యారెట్లు పీకిన మట్టిని పారబొయ్యకండి. గుప్పెడు ఎరువు కలిపి తోటకూర గింజలు చల్లండి. ఎండాకాలంలో అదే బకెట్టు నుంచి కూర కోసుకోవచ్చు.