యాప్‌ల ఎంపికలో వివేకం

నమాజు వేళలు సూర్యగమనాన్ని బట్టి నిర్ణయమవుతాయి. అమలాపురం అక్షాంశ రేఖాంశాలు, తేదీ తెలిస్తే చాలు, యాప్ ఐదు వేళలనూ గణించగలదు. రాజోలు నుండి కొత్తపేట వరకు మన రాకపోకలను వెంబడించవలసిన అగత్యం దానికి లేదు. అయినను, కోట్లమంది వాడే ముస్లిం ప్రో యాప్ నుండి వాడుకరుల స్థాన సమాచారం ఎక్స్-మోడ్ అనే అమెరికా సంస్థకు చేరుతున్నదని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ పత్రిక వెల్లడించింది. అటుపిమ్మట యాప్ యాజమాన్యం ఆ సంబంధాన్ని తెంచుకున్నట్లు ప్రకటించింది.

కనుక ఏ యాప్‌నైనా స్వీకరించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలని మేము భావిస్తున్నాము. అది కోరే అనుమతి దాని పనికి అవసరమా? దాని సోర్సు కోడును ఎవరైనా చదివి పరీక్షించవచ్చునా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల విషయంలో రెండవ ప్రశ్నకు అవునని చెప్పవచ్చును. 2010లో ఆరంభమైన ఎఫ్-డ్రాయిడ్ భాండాగారంలో అట్టి యాప్‌లే లభిస్తాయి. సందేశాలకు సిగ్నల్, నెట్ లేకున్నా దారి చూపుటకు ఓఎస్ఎమ్ఆండ్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. కోడు బహిరంగమైనంత మాత్రాన దోషరహితమని కాదు. దోషాన్ని దాచుట మాత్రం కష్టం.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. విద్యార్థులకు ఏదైనా యాప్‌ను సూచించే ముందు కళాశాల కమిటీ వారును ఈ ప్రశ్నలను పరిశీలింతురని ఆశిస్తున్నాము.