శిక్ష పడ్డాక కాదు, విచారణకు ముందే

2017 సెప్టెంబరు 8న గురుగ్రామ్ శివారు భోండ్సీలో, ర్యాన్ ఇంటర్నేషనల్ స్కూల్లో ఏడేళ్ల బాబును గొంతు కోసి చంపారు. ఆ రోజే పోలీసులు స్కూలు బస్సు కండక్టరును అరెస్టు చేసి, నేరం ఒప్పుకున్నాడని చెప్పారు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో రుజువుగా చెల్లదు. అయినా పట్టుబడ్డ మనిషి మెడకు మొదట చుట్టుకునేది ఆ మాటే. కేసు సీబీఐ చేతికి వెళ్లాక, నవంబరులో అదే స్కూలు పదకొండో తరగతి విద్యార్థిని అదుపులోకి తీసుకున్నారు. కండక్టరుకు ఆ నెలలోనే బెయిలొచ్చింది. 2018 ఫిబ్రవరిలో గురుగ్రామ్ కోర్టు ఆయన్ను కేసు నుంచి డిశ్చార్జి చేసింది, అంటే విచారణ మొదలవకముందే వదిలేసింది.

తప్పుడు కేసులో ఇరుక్కున్నవాళ్లకు అసలు ఊరట ఈ దశలోనే దొరకాలి. 'శిక్ష పడితే హైకోర్టు ఉందిగా' అన్న ధీమా చాలా ఖరీదైనది. సెషన్స్ కోర్టు తీర్పుపై చండీగఢ్‌లోని పంజాబ్, హర్యానా హైకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు ఉన్నమాట నిజమే. కానీ అక్కడ కొత్తగా సాక్షులను పిలవడం అరుదు, కింది కోర్టులో నమోదైన సాక్ష్యాన్నే తిరగేస్తారు. శిక్ష నిలిపివేత దొరక్కపోతే అప్పీలు తేలేదాకా జైలే. విచారణలోనే గెలిచినా నష్టం తప్పదు. మానేసర్ మారుతీ ఫ్యాక్టరీ కేసు చూడండి. 2012 జులై 18 నాటి హింసలో ఒక మేనేజరు చనిపోయారు. 148 మంది కార్మికులు విచారణ ఎదుర్కొన్నారు. 2017 మార్చి 10న కోర్టు 31 మందిని దోషులని తేల్చి, 117 మందిని వదిలేసింది. ఆ 117 మంది ఏ అప్పీలూ లేకుండానే గెలిచారు, కానీ నాలుగున్నరేళ్లు పోయాయి. వాళ్లలో చాలామందికి రెండేళ్లకు పైగా జైల్లోనే గడిచింది. కొందరు సాక్షులు నిందితుల పేర్లను ఇంగ్లీషు అక్షరక్రమంలో వాటాలు వేసుకున్నట్టు వరసగా చెప్పారు. అల్లరిమూక ఎక్కడైనా అక్షరక్రమంలో నిలబడుతుందా? ఇలాంటి లోపం పట్టుకోవడానికి ఏళ్ల తరబడి విచారణ అక్కర్లేదు, కాగితాలు శ్రద్ధగా చదివితే చాలు.

అందుకు చట్టంలో దారి ఉంది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న నాగరిక్ సురక్షా సంహిత 250వ సెక్షన్ కింద, కేసు సెషన్స్ కోర్టుకు చేరిన 60 రోజుల్లోగా డిశ్చార్జి పిటిషన్ వేయొచ్చు. ఎఫ్ఐఆరే నిలబడనిదైతే 528వ సెక్షన్ కింద దాన్ని కొట్టేయమని (క్వాష్) హైకోర్టును అడగొచ్చు. ఏ సందర్భాల్లో కొట్టేయొచ్చో సుప్రీంకోర్టు ఏడు రకాలుగా చెప్పిన 1990 నాటి భజన్‌లాల్ తీర్పు కూడా హర్యానా కేసులోదే.

అభియోగాలు ఖరారు చేసే చార్జి దశలో జడ్జి సాక్ష్యం తూచకూడదు కదా అంటారు. పూర్తిగా తూచకూడదు, నిందితుడి పత్రాలూ చూడరు. కానీ పోలీసు కాగితాల నుంచి తేలేది బలమైన అనుమానమా, ఉత్త అనుమానమా అన్నది జల్లెడ పట్టి చూడాలని సుప్రీంకోర్టు 1978లోనే, ప్రఫుల్ల కుమార్ సామల్ కేసులో చెప్పింది. ఇలా వదిలేస్తే బాధితులకు అన్యాయం కాదా అన్నది ఇంకా బరువైన ప్రశ్న. డిశ్చార్జి నిర్దోషి తీర్పు కాదు. కొత్త ఆధారం దొరికితే మళ్లీ కేసు నడపొచ్చు. పైగా భోండ్సీలో పోలీసుల కథను ఒప్పుకోక సీబీఐ దర్యాప్తు కోరింది చనిపోయిన బాబు తల్లిదండ్రులే. అమాయకుడు జైల్లో ఉన్నంతకాలం తమ బిడ్డ కేసు తేలనట్టేనని వాళ్లకు తెలుసు. అయితే సీబీఐ ప్రతి కేసుకూ రాదు. అది రానిచోట ఆ కాగితాలను నిదానంగా చదవాల్సింది చార్జి దశలో కూర్చున్న జడ్జి, ఆ రోజు నిందితుడి పక్కన నిలబడ్డ వకీలు.