వాక్కాయ కంచెకు గింజే మేలు

ఇంటి చుట్టూ వాక్కాయ కంచె వేసుకోవాలనుకునేవాళ్లు అంటు మొక్కల కోసం నర్సరీల చుట్టూ తిరగనక్కర్లేదు. గింజ వేయడమే మేలు. వేసినా మొలవలేదనేవాళ్లు చాలామంది ఉంటారు. అయితే ఆ గింజ ఎలాంటి కాయలోదో, తీశాక ఎన్నాళ్లు ఉంచారో అడగాలి. వానాకాలంలో బజారుకు వచ్చే వాక్కాయలు పప్పు కోసం, పచ్చడి కోసం కోసినవి. పచ్చగానో, ఒక వైపు గులాబీ రంగు తిరిగో ఉంటాయి. అలాంటి లేత కాయను చీరితే గింజ తెల్లగా, గోరుతో నొక్కితే చితికిపోయేలా ఉంటుంది. అది మొలిచేది కాదు. పొద మీదే నల్లగా పండిన కాయను చీరి చూడండి. ఎర్రటి రసంలో చదునైన గోధుమరంగు గింజలు కనిపిస్తాయి. కావలసినవి అవే. పైగా వీటికి ఆయుష్షు తక్కువ. బెండ గింజల్లా డబ్బాలో దాచి వచ్చే ఏడు వేద్దామంటే కుదరదు. గుజ్జు పోయేలా ఇసుకతో రుద్ది కడిగి, నీడన ఆరబెట్టి, వారం తిరగకముందే వేసేయాలి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి కవర్లలో నింపి, అర అంగుళం లోతున పెడితే చాలు. నీళ్లు నిలవకూడదు. అదొక్కటే జాగ్రత్త.

గింజ మొక్కలన్నీ తల్లి చెట్టులా కాయవన్న మాట నిజమే. ఒకదాని కాయ గుండ్రంగా, ఇంకోదానిది కోలగా ఉండొచ్చు. ఒకే తీరు కాయ అమ్ముకోవాలనుకునే రైతుకు అది ఇబ్బంది. అలాంటివాళ్లకు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ లాంటి రకాలున్నాయి. పప్పులో వేసుకునే ఇంటికి మాత్రం పులుపు ముఖ్యం, అది ఏ గింజ మొక్కకైనా ఉంటుంది. కంచెకు పదుల కొద్దీ మొక్కలు కావాలి కాబట్టి ఖర్చు లెక్కన చూసినా గింజే గెలుస్తుంది. మొదటి ఏడాది ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది, ఓపిక పట్టాలి. మరుసటి వానలకు రెండడుగుల ఎడంతో నేలలో నాటితే, సాధారణంగా మూడో ఏటికి కాపు మొదలవుతుంది. వేళ్లూనుకున్నాక రాళ్ల నేలనైనా, నీటి ఎద్దడినైనా తట్టుకుంటుంది.

వాక్కాయ కంచె వద్దనడానికి చెప్పే కారణాల్లో ముళ్ల భయం అన్నిటికన్నా న్యాయమైనది. చివర రెండుగా చీలిన ఆ ముల్లు బట్టను పట్టుకుంటే వదలదు. పిల్లలు ఆడుకునే దారి పక్కన దీన్ని నాటకూడదు. పెరటి హద్దులో మాత్రం మేకలు చొరబడకుండా ఆపేది ఆ ముల్లే. కాయ తెంపితే తొడిమ దగ్గర కారే తెల్లటి పాలు చేతికి బంకలా అంటుకుంటాయి కాబట్టి, కోశాక కాయల్ని కాసేపు నీళ్లలో వేసి ఉంచాలి. కొమ్మల కత్తిరింపు కాపు అయిపోయిన వెంటనే చేయాలి. శీతాకాలం చివర కత్తిరిస్తే పూత రావలసిన కొనలే పోతాయి, ఆ ఏటి కాపు తగ్గుతుంది.