లెక్సింగ్టన్‌కు రామనాథపురం దారి

98, 31. అమెరికా విప్లవం పాఠం మొదలుపెట్టే టీచరు ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలా మేలు. 1991లో శామ్ వైన్‌బర్గ్ అనే పరిశోధకుడు 8 మంది చరిత్రకారులకూ, 8 మంది హైస్కూలు విద్యార్థులకూ ఆ విప్లవ యుద్ధం మొదలైన లెక్సింగ్టన్ పోరు గురించిన పత్రాలు ఇచ్చి చదివించాడు. రాసిందెవరో, ఎందుకు రాశారో చరిత్రకారులు నూటికి 98 సార్లు చూసుకున్నారు. పిల్లలు చూసింది 31 సార్లే.

తమిళనాడు తొమ్మిదో తరగతి పుస్తకంలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో ఇంగ్లీషో నడిచే రాజపాళయం పిల్లలకు లెక్సింగ్టన్ ఎక్కడో దూరాన ఉన్న ఊరు. రామనాథపురం అలా కాదు. 1985 దాకా రాజపాళయం ఆ జిల్లాదే. 1798 సెప్టెంబరులో అక్కడ ఈస్టిండియా కంపెనీ కలెక్టర్ జాక్సన్ ఎదుటికి పాలెగాడు కట్టబొమ్మన్ వెళ్లాడు. గలాటాలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. తప్పు కట్టబొమ్మన్‌దన్నాడు జాక్సన్. కంపెనీ వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ మాత్రం కట్టబొమ్మన్ తప్పు లేదంది. జాక్సన్ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు అదే కంపెనీ కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీసిందనుకోండి, అది వేరే సంగతి.

ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్న అలా పుట్టాక లెక్సింగ్టన్‌కు వెళ్లాలి. పీరియడ్ 45 నిమిషాలైతే రామనాథపురానికి 10 ఇచ్చి, తక్కినదంతా రెండే రెండు పత్రాలకు కేటాయించవచ్చు. 1775 ఏప్రిల్ 19న తొలి తూటా ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు. వలసవాసులే ముందు కాల్చారని బ్రిటిష్ అధికారి బార్కర్ తన డైరీలో రాసుకున్నాడు. తాము చెదిరిపోతుంటే సైన్యమే కాల్చిందని ఆరు రోజుల తర్వాత 34 మంది వలసవాసులు ప్రమాణం చేసి చెప్పారు. ఒకటి సొంత డైరీ, రెండోది లండన్‌కు పంపడానికి తీసుకున్న వాంగ్మూలం. ఏది నమ్మదగినదో పిల్లలు వాదించుకోవాలి, కావాలంటే తెలుగులోనే. టీచరు తీర్పు చెప్పకపోవడమే మంచిది.

అమెరికా కథకు మనతో ఇంకా ముడులున్నాయి. 1773లో బోస్టన్ రేవులో వలసవాసులు పారబోసిన 342 పెట్టెల టీ నీలగిరిదని పిల్లలు అనుకోవచ్చు. అది చైనా టీ, పంపింది మాత్రం మన ఈస్టిండియా కంపెనీయే. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిన కారన్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చాడు; 1792లో టిప్పు దగ్గర దిండిగల్ లాక్కున్నాడు.

చివరికి అమెరికా 1790 జనాభా లెక్క: 39,29,214 మంది, అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. మనుషులంతా సమానమని ప్రకటించిన 14 ఏళ్లకు తేలిన అంకె ఇది. ఇంటి యజమాని పేరు రాసి, తక్కిన వాళ్లను తలలుగా లెక్కపెట్టారు. ఈ అంకెలు రాసిందెవరు, ఎవరికోసం అని కూడా పిల్లలు అడగాలి. దానికి ఇంకో పీరియడ్ కావాలి.