మద్రాసులో పుట్టిన ఆర్మీనియన్ పత్రిక

1953 దాకా దొనకొండవాళ్ళకు రాజధాని మద్రాసే. కోర్టు పనుల మీద మన పెద్దలెందరో హైకోర్టు చుట్టూ తిరిగారు. ఆ పక్కనే ఆర్మీనియన్ వీధి. అందులో 1772లో ఆర్మీనియన్ వర్తకులు కట్టించుకున్న మేరీమాత చర్చి. దాని ఆవరణలోనే హరుత్యూన్ ష్మవోన్యన్ అనే పాదిరిగారి సమాధి ఉంది.

ఈయన 1750లో పర్షియాలోని షిరాజులో పుట్టారు. వారం తిరక్కుండానే ఇద్దరు కొడుకులు పోయారు. ఆ దుఃఖంలో ఏకాంతానికి వెళ్ళి పారశీకం చదువుకున్నారంటారు. తరువాత మద్రాసు చేరి, 1824లో కన్నుమూసేదాకా దాదాపు నలభై ఏళ్ళు ఈ చర్చినే కనిపెట్టుకుని ఉన్నారు. 1789లో అచ్చుకూటం పెట్టారు. 1794 అక్టోబరులో ‘అజ్దరార్’ అనే మాసపత్రిక తెచ్చారు. అంటే వార్తాహరుడని అర్థం. ప్రపంచం మొత్తంమీద ఆర్మీనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక అదే!

ఆనాటికి వారికి సొంత రాజ్యమే లేదు. స్వదేశాన్ని తురుష్కులు, పారశీకులు పంచుకున్నారు. జనమేమో దేశదేశాల్లో వర్తకులుగా చెదిరిపోయారు. అటువంటివారికి సరుకుల ధరలు, ఓడల రాకపోకలు, దూరదేశపు కబుర్లు సొంత భాషలో చెప్పిందీ పత్రిక. మాతృభాష బడిలోనే కాదు, బజారులోనూ బతకాలని పాదిరిగారు గ్రహించారనిపిస్తుంది.

పద్దెనిమిది సంచికలతో 1796లో పత్రిక ఆగిపోయింది. కాలేజీ పత్రిక నడిపినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు! పాదిరిగారు మాత్రం ఆ తరువాత మరో ఇరవై ఎనిమిదేళ్ళు ఆ చర్చిలోనే ఉన్నారు.